పిల్లల సంగతి సరే, మా సంగతేంటి? స్కూల్ స్టాఫ్ ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ కాలమ్‌లో పిల్లల పరీక్షల టెన్షన్ గురించి రాశాం. అది చదివిన టీచర్లు చాలామంది ‘పిల్లల సంగతి సరే మేడం, మా సంగతేంటి’ అని రాశారు. న్యాయమైన ప్రశ్నే. అందుకని ఈసారి పేజీ మొత్తం స్కూళ్లలో పనిచేసేవాళ్ల మానసిక ఒత్తిడి గురించే. పేర్లు, స్కూళ్ల పేర్లు తీసేశాం, ఊర్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మేడం, నేను ప్రైవేట్ హైస్కూల్లో మ్యాథ్స్ చెప్తాను, పదేళ్లు దాటింది. ఈ జూన్‌లో స్టాఫ్ మీటింగ్ పెట్టి ఎంప్లాయీ అసిస్టెన్స్ ప్రోగ్రామ్ తీసుకున్నాం, ఎవరికైనా స్ట్రెస్ ఉంటే ఈ నంబర్‌కి ఫోన్ చేయండి అని తలా ఒక కార్డు ఇచ్చినారు. కార్డు నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది, ఇంతవరకు చెయ్యలా. ఆదివారం సాయంత్రం అయితే చాలు కడుపులో దేవినట్టు అవుతుంది, రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇంక నిద్ర పట్టదు, ఇష్టంగా చెప్పే సబ్జెక్టే ఇప్పుడు బెల్ ఎప్పుడు కొడతారా అని చూస్తా ఉంటాను. క్లాసులో పిల్లోళ్ల మీద అరిచేసి ఇంటికొచ్చి ఏడుస్తాను. ఫోన్ చేద్దామంటే భయం. నేను చెప్పింది కరెస్పాండెంట్ సార్ చెవిన పడితే వచ్చే ఏడాది నాకు టెన్త్ సెక్షన్లు ఇస్తారా? — ఒక టీచర్, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, మీ భయాన్ని పిరికితనం అనుకోవద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసు బీరువాలో పెట్టించుకుని ఉద్యోగం ఇచ్చే స్కూళ్లు ఎన్నో ఉన్నాయి, అలాంటి చోట అదే ఆఫీసు వాళ్లు ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి మనసు విప్పి మాట్లాడమంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఆ కార్డు వెనక ఏం జరుగుతుందో చెప్తా, విన్నాక మీరే తేల్చుకోండి.

దీన్ని పొట్టిగా ఈఏపీ అంటారు. అమెరికాలో 1940ల ప్రాంతంలో, తాగుడికి అలవాటైపోయిన పనివాళ్లని ఉద్యోగంలోంచి తీసేసే బదులు బాగుచేసుకుందాం అని కొన్ని కంపెనీలు మొదలుపెట్టిన పద్ధతి ఇది, తర్వాత ఇంటి గొడవలు, అప్పులు, అయినవాళ్లు పోయిన దుఃఖం, నిద్ర పట్టకపోవడం, ఆఫీసులో వేధింపులు అన్నీ ఇందులోకి వచ్చి చేరాయి. మన దగ్గర పెద్ద కంపెనీల్లో ఎప్పట్నుంచో ఉంది. మీ స్కూలు ఒక బయటి సంస్థకి మనిషికి ఇంత అని ఏడాదికి డబ్బు కడుతుంది, మీరు మాత్రం రూపాయి కట్టక్కర్లేదు. చాలా ప్రోగ్రాముల్లో మీ ఆయన, పిల్లలు కూడా వాడుకోవచ్చు. కౌన్సెలింగ్ ఒక్కటే కాదు, అప్పుల విషయంలో, కోర్టు విషయంలో సలహా ఇచ్చేవాళ్లు కూడా కొన్నిట్లో ఉంటారు.

ఫోన్ చేస్తే ఏం అడుగుతారో తెలీకే సగం మంది ఆగిపోతారు కాబట్టి అది కూడా చెప్తా. ఎత్తినావిడ ముందు మీరు ఏ సంస్థ నుంచి అని అడుగుతుంది, ఆ సంస్థ వాళ్ల లిస్టులో ఉందో లేదో చూసుకోవడానికి. పేరు అడిగితే ‘ముందు నాకో సందేహం ఉంది, అది తీరాక పేరు చెప్తా’ అనండి, మర్యాదకేం లోటు లేదు. తర్వాత మీకేం ఇబ్బంది, ఎన్నాళ్ల నుంచి అని అడుగుతారు. చచ్చిపోవాలన్న ఆలోచన ఏమైనా వస్తోందా అని నేరుగా అడుగుతారు, ఉలిక్కిపడొద్దు, అది ఫోన్ చేసిన ప్రతి ఒక్కర్నీ అడిగే ప్రశ్న. ఆ పైన ఒక కౌన్సెలర్‌ని కేటాయించి టైం ఇస్తారు, ఒక్కో సిట్టింగ్ ముప్పావు గంట పైన ఉంటుంది. ఫోన్లోనా, వీడియోలోనా, ఎదురుగానా అన్నది మీ ఇష్టం. సిట్టింగులకి మాత్రం లెక్క ఉంటుంది, ఒక సమస్యకి మూడు నుంచి ఎనిమిది దాకా ఇవ్వడం మామూలు, అంతకు మించి అవసరమైతే బయట డాక్టర్ దగ్గరికి పంపిస్తారు.

ఇప్పుడు అసలు భయం. సరిగ్గా నడిచే ప్రోగ్రాములో స్కూలుకి వెళ్లేది మొత్తం లెక్క ఒక్కటే, ఈ మూడు నెలల్లో ఇంతమంది వాడుకున్నారు అని. పేరు వెళ్లదు, మీరన్న మాట వెళ్లదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ మానసిక అనారోగ్యానికి చికిత్స తీసుకునేవాళ్ల వివరాలు గుట్టుగా ఉంచాలని వైద్యులకి, చికిత్స చేసేవాళ్లకి బాధ్యత పెట్టింది. మినహాయింపులు ఉన్నాయి, అవీ తెలుసుకోండి. మీ ప్రాణానికో వేరేవాళ్ల ప్రాణానికో ముప్పు ఉందని తెలిస్తే కౌన్సెలర్ మౌనంగా ఉండడు. అలాగే స్కూల్లో ఫలానా పిల్ల మీద లైంగిక వేధింపు జరుగుతోందని మీరు చెప్తే, 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి, కౌన్సెలర్ అయినా మీరైనా.

మీరు చేయాల్సింది ఒకటుంది. మొదటి ఫోన్లోనే ఈ మాటలు అడగండి: ‘మా స్కూలుకి మీరు పంపే రిపోర్ట్‌లో ఏముంటుంది? నా మాటలు రికార్డ్ చేస్తారా? నోట్స్ ఎవరి దగ్గర ఉంటాయి? నేను ఉద్యోగం మానేస్తే వాటినేం చేస్తారు?’ తిన్నగా జవాబు చెప్తే ముందుకెళ్లండి. నీళ్లు నమిలితే పెట్టేయండి, ప్రభుత్వం వాళ్ల ఉచిత మానసిక సహాయ నంబర్ 14416 ఉంది, దాని గురించి కింద రాశా. ఫోన్ మాత్రం మీ సొంత ఫోన్, సొంత డేటాతో, ఇంటి నుంచో గోవిందరాజస్వామి కోనేరు గట్టు మీద కూర్చునో చేస్కోండి, స్కూల్ వైఫై వద్దు, స్కూల్ ఇచ్చిన మెయిల్ ఐడీతో రిజిస్టర్ అవ్వొద్దు.

మీరు రాసిన లక్షణాల గురించి కూడా ఒక మాట. అలసిపోవడం, ఇష్టమైన పని మీద మనసు విరిగిపోవడం, నేను సరిగ్గా చేయలేకపోతున్నాననిపించడం, ఈ మూడూ కలిసి వచ్చేదాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌ఔట్‌గా తన వ్యాధుల జాబితాలో రాసింది. అయితే జబ్బు అని రాయలేదు, పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అని రాసింది. అంటే మీలో లోపం వెతకడానికి ముందు మీ టైంటేబుల్ చూడాలి. కానీ అర్ధరాత్రి మెలకువ, ఏడుపు రెండు వారాలు దాటితే అది డిప్రెషన్ కూడా కావచ్చు, థైరాయిడ్ కూడా కావచ్చు, రక్తపరీక్ష ఒకటి చేయించి డాక్టర్‌కి చూపించండి, వాయిదా వేయొద్దు. పిల్లల మీద అరిచానని మీరు బాధపడుతున్నారు చూడండి, ఆ బాధే చెప్తోంది మీలో టీచర్ ఎక్కడికీ పోలేదని.

ప్రశ్న: చిత్తూరులో మాకు ఒక స్కూల్ ఉంది, టీచింగ్ నాన్‌టీచింగ్ కలిపి అరవై మంది దాకా స్టాఫ్. పోయిన ఏడాది మధ్యలో మంచి టీచర్లు కొందరు మానేశారు, కారణం అడిగితే ఆరోగ్యం బాలేదు సార్ అంటారు. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి వాళ్ల కంపెనీలో ఉన్న ఈఏపీ లాంటిది పెట్టమంటున్నాడు. ఇంత చిన్న స్కూలుకి అది కుదురుతుందా? పెడితే ఏ టీచర్‌కి ఏం సమస్య ఉందో మాకు రిపోర్ట్ వస్తుందా, వస్తే మేం కూడా సాయం చేయగలం కదా? — ఒక కరెస్పాండెంట్, చిత్తూరు

జవాబు: సార్, ముందు మీ రెండో ప్రశ్న, ఎందుకంటే దాని మీదే అంతా ఆధారపడి ఉంది. రిపోర్ట్ రాదు, రాకూడదు, ఇస్తామన్న సంస్థతో ఒప్పందం చేసుకోవద్దు. మీరు మంచి ఉద్దేశంతోనే అడిగారు, అందులో సందేహం లేదు, కానీ ఫలానా టీచర్ కౌన్సెలింగ్‌కి వెళ్లింది అని మీకు తెలిసిందని స్టాఫ్‌రూమ్‌లో ఒక్కరికి తెలిసినా ఇంక ఆ నంబర్‌కి ఎవరూ ఫోన్ చేయరు, మీరు కట్టిన డబ్బు కట్టినట్టే పోతుంది.

అంతే కాదు, మీది చిన్న స్కూలు కాబట్టి మొత్తం లెక్కల్లోంచి కూడా మనిషిని పట్టేయొచ్చు. ‘ఈ త్రైమాసికంలో ఇద్దరు వాడుకున్నారు, ఒకరు వైవాహిక సమస్య, ఒకరు మద్యం’ అని కాగితం వస్తే, అరవై మందిలో ఆ ఇద్దరు ఎవరో ఊహించడానికి ఆఫీసులో క్లర్క్‌కి పది నిమిషాలు చాలు. అందుకని ఒప్పందంలో ఒక షరతు రాయించండి, వాడుకున్నవాళ్లు తక్కువ మంది ఉంటే సమస్యల విభజన ఇవ్వకూడదు, ఏడాదికి ఒక్కసారే, మొత్తం సంఖ్య ఒక్కటే ఇవ్వాలి అని. బిల్లులో పేర్లు ఉండకూడదు, హాజరు సంతకాలు తీసుకోకూడదు. ఆ కాగితాన్ని స్టాఫ్ మీటింగ్‌లో చదివి వినిపించి నోటీస్‌బోర్డుకి అంటించండి. మమ్మల్ని నమ్మండి అని మాటతో చెప్పేకన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది.

కుదురుతుందా అంటే, పెద్ద సంస్థలు అరవై మందికి ఒప్పుకోకపోవచ్చు, లేదా కనీస మొత్తం ఇంత అని గట్టిగా అడగొచ్చు. దానికి దారి ఉంది. గ్రీమ్స్‌పేట, కట్టమంచి, కొంగారెడ్డిపల్లి వైపు ఉన్న నాలుగైదు స్కూళ్ల కరెస్పాండెంట్లు కలిసి ఒకే ఒప్పందం చేసుకోండి, లేదా అందరూ కలిసి ఒక సైకాలజిస్ట్‌ని పార్ట్‌టైం పెట్టుకోండి. క్లినికల్ సైకాలజిస్ట్ అయితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది, అడిగి చూసుకోండి, వారాంతపు కోర్సు చేసి బోర్డు పెట్టేసినవాళ్లు ఊరూరా ఉన్నారు. భాష కూడా చూడండి. బయటి సంస్థల్లో చాలామంది కౌన్సెలర్లు హిందీ, ఇంగ్లిష్‌లోనే మాట్లాడతారు, మన చిత్తూరులో తెలుగు తప్పనిసరి, తమిళం, ఉర్దూ మాట్లాడే స్టాఫ్ మీ దగ్గరే ఉంటారు. కష్టం చెప్పుకోవడానికి ఎవరి ఇంటి భాష వాళ్లకి కావాలి.

గది సంగతి. ఎదురుగా మాట్లాడే ఏర్పాటు చేస్తే దయచేసి స్కూల్లో వద్దు. మీ క్యాబిన్ పక్కన గాజు తలుపు గదిలో కౌన్సెలర్‌ని కూర్చోబెట్టి, వరండాలో సీసీ కెమెరా, గేటు దగ్గర రిజిస్టర్ ఉంటే ఎవరొస్తారు చెప్పండి? ఊళ్లో ఎక్కడైనా మేడ మీద ఒక గది అద్దెకి తీసుకోండి, సాయంత్రం ఐదు తర్వాత, ఆదివారం పొద్దున. మీ స్టూడెంట్ కౌన్సెలర్‌నే స్టాఫ్‌కి కూడా చూడమనొద్దు. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో, వందమంది అంతకన్నా ఎక్కువ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని, స్టాఫ్ అందరికీ ఏడాదికి రెండుసార్లు మానసిక ప్రథమ చికిత్సలో ట్రైనింగ్ ఇవ్వాలని చెప్పింది. అది పిల్లల కోసం, చాలా అవసరమైన తీర్పు. కానీ పొద్దున స్టాఫ్‌రూమ్‌లో పక్కన కూర్చుని టీ తాగిన కౌన్సెలర్‌కే మధ్యాహ్నం నా సంసారం గురించి చెప్పమంటే ఏ టీచర్ చెప్తుంది?

ఒప్పందంలో ఇంకొకటి తప్పకుండా అడగండి. స్కూల్ బస్సు ప్రమాదమో, ఒక పిల్లవాడు చనిపోవడమో జరిగితే, ఆ రోజో మర్నాడో మనుషులు వచ్చి స్టాఫ్‌తో కూర్చోవాలి. మర్నాడు పొద్దున అటెండెన్స్ రిజిస్టర్ తీసి ఆ పేరు దగ్గర ఆగిపోయే క్లాస్ టీచర్‌ని తలచుకోండి. పిల్లలందరూ ఆమె మొహమే చూస్తుంటారు, ఆమె మాత్రం ఎవరి మొహం చూడాలి?

ఇంక మీకు నచ్చకపోయినా చెప్పాల్సిన మాట. మీ టీచర్లు ఎందుకు మానేశారో నాకు తెలీదు, కానీ స్కూలు టైంటేబుల్ రోజంతా ఏడు పీరియడ్లు, ఆ పైన స్టడీ అవర్, రాత్రి పదింటికి కూడా పేరెంట్స్ గ్రూపులో జవాబులు, మే నెల ఎండలో తలా ఇన్ని అడ్మిషన్లు తేవాలని ఇల్లిల్లూ తిరిగే క్యాన్వాసింగ్, ఇవన్నీ అలాగే ఉంచి ఒక ఫోన్ నంబర్ ఇస్తే అది స్టాఫ్‌కి కోపం తెప్పిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో పనిచోట మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా వ్యక్తులకి సాయంతో పాటు పని పద్ధతుల్ని మార్చాలని, పైన ఉండేవాళ్లకి ట్రైనింగ్ ఇవ్వాలని ఉంది. చిన్నగా మొదలుపెట్టండి. రాత్రి ఎనిమిది తర్వాత పేరెంట్స్ గ్రూప్ బంద్. రోజుకి ఒక్క పీరియడ్ అయినా నిజంగా ఖాళీ, సబ్‌స్టిట్యూషన్ వేయకుండా. క్యాన్వాసింగ్ టార్గెట్‌కి జీతానికి లింకు తీసేయండి. జీతం ఏ తారీఖున అంటే ఆ తారీఖున. ఇవి చేసిన స్కూల్లో కార్డు ఇస్తే తీసుకుంటారు, వాడుకుంటారు.

గ్రూప్ మెడిక్లెయిం ఉంటే పాలసీ కూడా ఒకసారి తీసి చూడండి, శరీరానికి వచ్చిన జబ్బుకి ఇచ్చినట్టే మానసిక జబ్బుకి కూడా ఇన్సూరెన్స్ ఇవ్వాలని అదే 2017 చట్టం 21వ సెక్షన్లో ఉంది.

ప్రశ్న: మేడం నేను ఇస్కూల్లో ఆయమ్మగా చేస్తా ఉండాను. టీచర్లకి ఏదో కార్డు ఇచ్చినారంట, మాకు, బస్సు డ్రైవరన్నకి ఇయ్యలేదు. మా ఇంటాయన తాగొచ్చి కొడతాడు. ఆ కార్డు మాకు పనికిరాదా? ఇది మా పాప రాసి పంపిస్తా ఉంది. — పాకాల

జవాబు: అక్కా, పనికొస్తుంది, మీకూ ఇయ్యాల్సిందే. ఇట్లాంటి ప్రోగ్రాములు స్టాఫ్ అందరికీ అని తీసుకుంటారు, మీ స్కూలోళ్లు టీచర్ల లెక్కకే డబ్బు కట్టారేమో, ఆఫీసులో అడగండి. అడగడానికి మొహమాటం అయితే మీకు చనువున్న టీచర్‌తో అడిగించండి. కరెస్పాండెంట్లు ఈ పేజీ చదువుతుంటే, దయచేసి ఆయమ్మలు, డ్రైవర్లు, వాచ్‌మెన్, స్వీపర్లు, కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లు అందర్నీ కలిపే కట్టండి.

మీ ఆయన కొట్టే విషయానికి మాత్రం కార్డు కోసం ఆగొద్దు. 181కి ఫోన్ చేయండి, ఆడవాళ్ల కోసం ఉన్న నంబరు, రాత్రి పగలు పలుకుతారు, డబ్బు పడదు. ప్రాణం మీదికి వస్తే 112. పాపకి కూడా ఈ రెండు నంబర్లు నేర్పించండి. కొట్టడం మీ తప్పు వల్ల కాదక్కా, ఆయన తాగుడు వల్ల అని కూడా సరిపెట్టుకోవద్దు, తాగి కూడా కొట్టని మొగుళ్లు ఉన్నారు.

ప్రశ్న: నేను పలమనేరు దగ్గర పల్లెలో గవర్నమెంటు స్కూల్లో పనిచేస్తాను. ప్రైవేటోళ్లకి ఈఏపీ అంటున్నారు, మాకు ఏముంది? పొద్దున్నే ఫేషియల్ అటెండెన్స్‌కి సిగ్నల్ కోసం గోడెక్కాలి, తర్వాత మధ్యాహ్న భోజనం యాప్, పాఠం చెప్పేది ఆ మిగిలిన టైంలో. నా సంగతి అట్లుంచండి, పక్క ఊరి సింగిల్ టీచర్ స్కూల్లో సార్ ఒకాయన ఈమధ్య స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడులన్నీ కలిపి) మీటింగ్‌కొచ్చినా ఎవురితోనూ మాట్లాడ్డం లేదు, మొన్న నాతో ‘నేను లేకపోతే అందురికీ హాయి’ అన్నాడు. ఏం చెయ్యాలో తెలీక రాస్తా ఉండాను. — ఒక ఎస్జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్)

జవాబు: సార్, మీ ఉత్తరం అందిన రోజే మీతో ఫోన్లో మాట్లాడాం, పత్రిక వచ్చేదాకా ఆగే విషయం కాదు కాబట్టి. మిగతావాళ్లకి ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నా.

ఆ మాట అన్న మనిషిని నేరుగా అడగాలి. ‘సార్, చచ్చిపోవాలనిపిస్తోందా?’ అనే అడగండి, చుట్టూ తిప్పొద్దు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడతారు, అలా జరగదు, చాలామందికి ఎవరో ఒకరు అడిగినందుకే గుండె తేలికవుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు, నిద్రమాత్రలు అందే చోట ఉంటే ఇంట్లోవాళ్లకి చెప్పి తీయించేయండి, పల్లెల్లో ఇది మొట్టమొదట చేయాల్సిన పని. ‘దేవుడిచ్చిన జన్మ, పిల్లలు లేరా’ అని క్లాసు పీకొద్దు, వినండి.

తర్వాత ఆయన పక్కన కూర్చునే 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, ఇరవైనాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆయన మాట్లాడనంటే ఆయన గురించి మీరే మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ వింటారు, అవసరమైతే సైకియాట్రిస్ట్‌కి కలుపుతారు, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెప్తారు. తిరుపతి రుయా ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీ ఉంది, ఎస్వీ మెడికల్ కాలేజీ డాక్టర్లు చూస్తారు.

మీకు ఈఏపీ లేదన్న బాధ నిజమే, వేలమంది పనిచేసే శాఖలో అది ఉండి తీరాల్సింది. టెలి మానస్ మంచిదే కానీ అది జనమందరి కోసం, టీచర్ ఉద్యోగంలో ఉండే చిక్కులు తెలిసి, మళ్లీ మళ్లీ అదే మనిషి పలికే ఏర్పాటు వేరు. బ్రిటన్‌లో ఎడ్యుకేషన్ సపోర్ట్ అని ఒక చారిటీ ఉంది, 1877లో టీచర్ల కోసం పెట్టుకున్న సహాయ నిధి నుంచి పెరిగింది, ఇవాళ స్కూళ్లలో పనిచేసే ఎవరైనా రాత్రి పగలు ఫోన్ చేసుకోవచ్చు. మన దగ్గర యూటీఎఫ్, ఎస్టీయూ లాంటి టీచర్ల సంఘాలు డీఏ కోసం, పీఆర్సీ కోసం గట్టిగా కొట్లాడతాయి, డిమాండ్ల లిస్టులో ఇది కూడా చేర్చమని మీ మండల శాఖలో తీర్మానం పెట్టించండి, యాప్‌ల భారం తగ్గించడం దాని పక్కనే రాయించండి. సిగ్నల్ కోసం గోడెక్కే టీచర్ ఫొటో ఒకటి తీసి జతచేస్తే ఇంకా మంచిది.

ఆ సార్ విషయంలో ఒక్కటి మిగిలింది. సింగిల్ టీచర్ కాబట్టి నేను సెలవు పెడితే బడి మూతపడుతుంది అని ఆయన ఆస్పత్రికి రానంటాడు, అలాంటివాళ్లు చాలామంది అలాగే ఆగిపోతారు. ఆయన్ని ఒప్పించడానికి ముందే మీరు ఎంఈఓ (మండల విద్యాధికారి) గారితో మాట్లాడి, కారణం ఏమీ చెప్పకుండా ఆరోగ్యం బాలేదని మాత్రం చెప్పి, కాంప్లెక్స్ నుంచి ఎవర్నైనా ఆ స్కూలుకి డిప్యూటేషన్ వేయించండి. ఆ ఆర్డర్ చేతిలో పెట్టుకుని వెళ్లి పిలవండి, తిరుపతి బస్సులో ఆయన పక్కన మీరు కూర్చోండి, ఓపీ చీటీ కోసం లైన్లో మీరు నిలబడండి.